సిసిఫస్‌కు యూనియన్ ఉంటే

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పని ఎన్నటికీ తరగదు. విప్పి, బాగుచేసి, రంగేసి పంపిన పెట్టె కొంతకాలం తిరిగాక మళ్లీ పీఓహెచ్‌కి, అంటే గడువు ప్రకారం చేసే పూర్తి మరమ్మతుకి, రావాల్సిందే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఎన్నో ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ పనిని నమ్ముకుని ఆ ఊళ్లో స్థిరపడ్డాయి. ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ 1942లో ‘ది మిత్ ఆఫ్ సిసిఫస్’లో ఎత్తుకున్న ప్రశ్న వాళ్లదీ అవుతుంది. గ్రీకు పురాణంలో సిసిఫస్ కొండ మీదికి బండ దొర్లిస్తాడు, అది జారిపోతుంది, మళ్లీ మొదలుపెడతాడు. మనిషి అర్థం అడుగుతాడు, విశ్వం పలకదు. ప్రాణం తీసుకోవడమూ, పరలోకం మీద ఆశ పెట్టుకోవడమూ ఈ చిక్కు నుంచి పారిపోవడమేననీ, అంతా తెలిసీ బండను వదలకపోవడమే తిరుగుబాటనీ కామూ వాదం.

అయితే ఆ బండ వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. బాగుపడిన పెట్టెలో మనుషులు ఎక్కుతారు, క్షేమంగా దిగుతారు. కాబట్టి పని మళ్లీ మళ్లీ రావడం ఒక్కటే దాన్ని వ్యర్థం చేయదు. అది ఎవరికీ అక్కరకు రాకపోవడమే దాన్ని వ్యర్థం చేస్తుంది. దాదాపు 500 కోట్ల ఏళ్లకు సూర్యుడే ఆరిపోతాడు కదా, అప్పటికి ఇవన్నీ ఏపాటివి అనవచ్చు. దీనికి అమెరికన్ తాత్వికుడు థామస్ నాగెల్ 1971లోనే జవాబిచ్చాడు: ఇప్పుడు చేసేది లక్షల ఏళ్ల తర్వాత లెక్కకు రాదన్నది నిజమైతే, లక్షల ఏళ్ల తర్వాతి ఆ సంగతీ ఇప్పటికి లెక్కలోకి రాదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. చేసే చాకిరీలోనే అర్థం వెతుక్కోమనడం యజమానికి సదుపాయం, కూలివాడికి జోకొట్టడం కాదా? విశ్వం ఉదాసీనతనూ మనుషుల ఉదాసీనతనూ ఒకే గాట కడితే అలాగే అవుతుంది. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు ఆ పొరపాటు చేయలేదు. ఉద్యోగాల కోత మీద పోరాడారు. ఆ రైల్వే కార్మిక సంఘ నాయకుల్లో ఒకరు, తర్వాత రాష్ట్రపతి అయిన మన వి.వి. గిరి. నక్షత్రాలకు అర్జీ పెట్టుకోలేం, యాజమాన్యానికి పెట్టగలం. వినకపోతే పని ఆపగలం. సిసిఫస్‌కు ఆ వీలు లేదు, ఎందుకంటే అతను ఒంటరి. కామూ కూడా 1947 నాటి ‘ది ప్లేగ్’ నవలకు వచ్చేసరికి ఒంటరి వీరుణ్ణి వదిలి, మహమ్మారిని కలిసి ఎదుర్కొనే ఊరివాళ్ల కథ రాశాడు. అర్థం ఆకాశం నుంచి ఊడిపడదు. అలాగని ఎవరికి వారు తలలోనే అల్లుకునేదీ కాదు. ఒకరి పని ఇంకొకరికి అక్కరకొచ్చే చోట, ఒకరి కష్టానికి పదిమంది జవాబు అడిగే చోట అది పుడుతుంది.