నల్ల అల్యూమినియం మీద గీత

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలకు అన్నం పెట్టిన ఆ చోట, ఉక్కు పెట్టె మీద గీత పడితే గీకి, పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, పైన రంగు వేస్తారు. ఉక్కు వేరు, రంగు వేరు కనుక ఆ అతుకు నిలుస్తుంది. అదే ఊరి గోల్‌బజార్‌లో నల్ల అల్యూమినియం ఫోన్ చూపించి గీత పోగొట్టమంటే మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. ఆ నలుపు పైన వేసిన రంగు కాదు. దాన్ని కప్పవచ్చు గాని అతకలేమని నా వాదన.

కారణం ఆ పొర పుట్టుకలోనే ఉంది. 1923లో బ్రిటన్‌లో బెంగఫ్, స్టూవర్ట్ అనే ఇద్దరు సముద్ర విమానాల డ్యురాలుమిన్ భాగాలను ఉప్పునీరు తినేయకుండా క్రోమిక్ ఆమ్లంలో ఉంచి కరెంటు పంపారు. ఆనొడైజ్ చేయడమంటే ఇదే. 1927లో గోవర్, ఓబ్రయన్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. అలంకారానికి నేటికీ ఎక్కువగా వాడేది అదే. కరెంటు పారేకొద్దీ లోహపు పైభాగమే ఆక్సైడ్‌గా మారి, తేనెపట్టు గదుల్లాంటి సన్నని రంధ్రాలతో పెరుగుతుంది. నల్ల అద్దకం ఆ రంధ్రాల్లోకి దిగుతుంది. తరువాత మరిగే నీటిలో ఉంచితే ఆక్సైడ్ ఉబ్బి వాటి మూతులు మూసుకుంటాయి. ఇంతా చేసి అలంకారపు పొర మందం సాధారణంగా 5 నుంచి 25 మైక్రాన్లే. పొర గట్టిదే, కింద లోహం మెత్తన. ఇసుక రేణువు నొక్కితే లోహం కుంగి పొర పగులుతుంది. రంగుతోపాటు రంగును పట్టి ఉంచే గదులూ పోతాయి. బయటపడిన లోహానికి గాలి తగిలి ఏర్పడే కొత్త ఆక్సైడ్ కొన్ని నానోమీటర్లే, అందులో అద్దకం నిలిచే రంధ్రాలు ఉండవు.

మళ్లీ ఆనొడైజ్ చేయవచ్చు కదా అంటారు. చేయవచ్చు, కాని ముందు పాత పొరను కాస్టిక్ సోడాతో తీసేయాలి. అది లోహాన్నీ కొరుకుతుంది, అంచుల పదును పోతుంది. పైగా ఫోన్‌ను పూర్తిగా విప్పి, ఒట్టి చట్రాన్నే తొట్టిలో దించాలి. విమాన భాగాలకు ఆమ్లంలో తడిపిన బ్రష్‌తో ఒక్కచోటే ఆనొడైజ్ చేసే పద్ధతి ఉన్నమాట నిజమే. అయితే అక్కడ కావలసింది రక్షణ. ఫోన్ మీద కంటికి అతుకు కనబడకూడదు, పాత నలుపుతో కొత్త నలుపు కలవడం చాలా కష్టం.

తప్పు వాడినవారిదేనా? 2012లో ఐఫోన్ 5 నల్ల రకం అంచుల మీద గీతలు పడుతున్నాయని విస్తృతంగా ఫిర్యాదులొచ్చాయి. వాడకంలో అల్యూమినియం గీతపడి వెండి రంగు బయటపడటం మామూలేనని ఆపిల్ తరఫున ఫిల్ షిల్లర్ జవాబిచ్చారు. శాస్త్రపరంగా ఆ మాట సరైనదే. అయినా మెరిసే లోహం మీద కటిక నలుపును ఎంచుకున్నది తయారీదారే కదా! మరుసటి ఏడు వచ్చిన 5ఎస్‌లో లేత బూడిద రంగు మీద అదే గీత అంతగా కొట్టొచ్చినట్టు కనబడదు.

గీత ఇనుప తుప్పులా పాకదు, గాలికి ఏర్పడే ఆ పలుచని ఆక్సైడే దానికి కాపలా. పాలిష్ పేస్టుతో రుద్దితే మాత్రం చుట్టూ ఉన్న నల్ల పొర కూడా అరిగి మచ్చ పెద్దదవుతుంది. మరీ బాధపెడితే స్పిరిట్‌తో తుడిచి, పర్మనెంట్ మార్కర్ అద్దుకోవాలి. చేతి చెమటకు అది పోతుంది, పోయినప్పుడు మళ్లీ అద్దుకోవడమే.