తెర మీద బొగ్గు, తెర వెనుక యంత్రం

2023లో వచ్చిన 'దసరా'లో ఒళ్ళంతా మసితో నాని చిందేస్తే ఈలలు వేశాం కదూ! ఆ సింగరేణి నేల మీదే, జ్యోతినగర్‌లో నాకు కనిపించిన సీను వేరు.

తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన ఫిల్లర్ల పని యంత్రాలు చేస్తున్నాయి. ఓపెన్‌కాస్టుల్లో డంపర్లే హీరోలు! 1990 ప్రాంతంలో లక్షకు పైగా ఉన్న పర్మినెంటు కార్మికులు 40 వేల దరిదాపుల్లోకి వచ్చారు. బొగ్గు మాత్రం మూడింతలు దాటి, 2023-24లో 7 కోట్ల టన్నులు!

1983 నుంచి కరెంటు ఇస్తున్న ఇక్కడి ఎన్.టి.పి.సి. రిజర్వాయరు మీద 2022లో 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలాయి. వాటికి బొగ్గే అక్కర్లేదు!

ప్రాణాలు తీసే చీకటి పని తగ్గడం మంచిదే. మరి నాన్న ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్న కుర్రాడికి ఏ వేషం ఇస్తారు? సింగరేణిలో రాష్ట్రానిది 51, కేంద్రానిది 49 శాతం. ఇద్దరు నిర్మాతలూ జవాబు చెప్పాలి!