ఇంటికి పంపించటం కూడా వైద్యమే

ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ఒక స్త్రీల ఆసుపత్రి ఉంది. అక్కడ నయమై ఇంటికి వెళ్లే ప్రతి స్త్రీకి రెండు ఇస్తారు: ఒక కొత్త గౌను, ఊరు చేరటానికి బస్సు చార్జీ. మన ప్రాంతంలో ఆడపిల్లను పుట్టింటి నుండి పంపేటప్పుడు కొత్త చీర పెట్టి పంపినట్లే అనుకోవచ్చు. అయితే ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. ఆమె వచ్చినప్పుడు కట్టుకున్న బట్టలు మూత్రంతో తడిసి వాసన వేస్తుంటాయి. ఆ వాసన వల్లనే ఇలాంటి స్త్రీలను బస్సుల్లోనుండి దింపివేసిన సందర్భాలు ఎన్నో. ఆ పాత బట్టలతోనే తిరిగి ఊళ్లోకి అడుగుపెడితే ఆమె బాగుపడిందని ఎవరు నమ్ముతారు? ముందు ఆమె నమ్మాలి గదా!

ఈ ఆసుపత్రిని స్థాపించినవారు రెజినాల్డ్, క్యాథరిన్ హామ్లిన్ అనే డాక్టర్ దంపతులు. వారు చూసిన జబ్బును గురించి, నయమైన స్త్రీని ఇంటికి సిద్ధపరచటాన్ని గురించి, పరదేశంలో పరిచర్య చేసే కుటుంబం స్వదేశానికి తిరిగి వచ్చేటప్పుడు ఏమి చేయాలో దానిని గురించి ఈ సంచికలో చెప్పుకుందాం. వేరు వేరు సంగతులుగా కనిపిస్తాయి గాని, మా దృష్టిలో ఇవన్నీ ఒకటే.

ఏమిటీ జబ్బు?

ఫిస్టులా అనగానే మనవాళ్లకు లూటి, అంటే భగందరం గుర్తుకు వస్తుంది. ఇది అది కాదు. కానుపు కష్టమై, బిడ్డ తల తల్లి కటి ఎముకల మధ్య ఇరుక్కుపోయి, రెండు మూడు రోజులు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువగా నొప్పులు సాగితే వచ్చే గాయమిది. బిడ్డ తలకూ తల్లి ఎముకకూ మధ్య మూత్రసంచి నలిగిపోతుంది. నలిగిన చోటికి రక్తం అందదు. రక్తం అందని కండ చచ్చిపోయి, కానుపైన కొద్ది రోజులకు ఊడిపోతుంది. అక్కడ రంధ్రం పడుతుంది. ఇక మూత్రం ఆగదు. పగలూ రాత్రీ యోనిమార్గం గుండా కారుతూనే ఉంటుంది. కొందరికి వెనుకవైపు మలాశయానికి కూడా రంధ్రం పడుతుంది. కాలి నరాలు నలిగి, పాదం వేలాడిపోయి, సరిగా నడవలేని వారూ ఉంటారు. ఇంత కష్టంలో చాలాసార్లు బిడ్డ దక్కదు.

అంటే బిడ్డను పోగొట్టుకున్న వారంలోనే ఆ తల్లి ఈ రెండవ దెబ్బ తింటుంది. భర్త పుట్టింటికి పంపివేస్తాడు. పుట్టింటివారు కొన్నాళ్లు చూసి వేరే గుడిసెలో ఉంచుతారు. తడుస్తుందన్న భయంతో ఆమె నీళ్లు తాగటం మానుకుంటుంది. దానితో మూత్రం చిక్కబడి మంట, పుండ్లు ఎక్కువవుతాయి. మూత్రసంచిలో రాళ్లు కూడా పడవచ్చు. ఇది శాపం కాదు, అంటువ్యాధి కాదు, ఆమె చేసిన తప్పూ కాదు. సమయానికి సిజేరియన్ చేసే చోటు అందుబాటులో లేకపోవటమే అసలు కారణం. చిన్న వయసులో పెళ్లి, సరిగా ఎదగని శరీరం, ఆసుపత్రికి రోజుల తరబడి నడక దీనికి తోడవుతాయి. ఏటా 50,000 నుండి 1,00,000 మంది స్త్రీలకు ఈ గాయం కలుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. దీనిని అంతం చేయాలన్న పిలుపుతో 2013 నుండి మే 23వ తేదీని ఐక్యరాజ్యసమితి ప్రత్యేక దినంగా పాటిస్తున్నది.

సువార్తలలో పన్నెండు సంవత్సరాలు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ సంగతి మన పాఠకులకు తెలిసినదే. ఆమె వస్త్రపు చెంగు ముట్టుకొని, ఎవరికీ తెలియకుండా వెళ్లిపోవాలనుకున్నది. అయితే ప్రభువు ఆమెను జనసమూహం మధ్య నిలిపి మాట్లాడాడు. రక్తం ఆగటం ఒక స్వస్థత. జనం ఎదుట తల ఎత్తుకొని నిలబడటం మరొక స్వస్థత. హామ్లిన్ దంపతుల ఆసుపత్రిలో ఈ రెండవ దానిని కూడా పట్టించుకున్నారు.

మూడేళ్ల కోసం వెళ్లిన కుటుంబం

క్యాథరిన్ 1924లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో జన్మించారు. రెజినాల్డ్ న్యూజిలాండ్ దేశస్థుడు. ఇద్దరూ సిడ్నీలో కానుపుల ఆసుపత్రిలో పనిచేస్తూ 1950లో వివాహం చేసుకున్నారు. మంత్రసానితనం నేర్పే స్కూలు పెట్టటానికి అడిస్ అబాబాలో డాక్టర్లు కావాలన్న ప్రకటన ఒక వైద్య పత్రికలో చూసి, ఆరేళ్ల కొడుకును వెంటబెట్టుకొని 1959లో అక్కడికి చేరారు. ఏ మిషనరీ సంఘమూ వారిని పంపలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగానికే వెళ్లారు. అయినా దీనిని దేవుని పిలుపుగానే వారు ఎంచారు. మూడేళ్లు ఉండి తిరిగి వెళ్లిపోవాలన్నది ఒప్పందం.

వారు పనిచేసిన ఆసుపత్రికి ప్రిన్సెస్ సెహాయ్ పేరు పెట్టారు. ఆమె చక్రవర్తి హైలే సెలాసీ కుమార్తె. ఇంగ్లండులో నర్సుగా శిక్షణ పొందిన ఆమె, 1942లో కానుపు సమయంలో వచ్చిన ఇబ్బందులతో మరణించింది. రాజు కూతురికే దక్కని సహాయం కొండల మీది పల్లెటూరి పిల్లకు ఎక్కడ దొరుకుతుంది?

సిడ్నీలో డాక్టర్లుగా ఉన్నప్పుడు ఈ రకపు ఫిస్టులాను వారు చూడనేలేదు. అడిస్ అబాబాలో తలుపు తీస్తే వాకిట్లో అదే. పుస్తకాలు, పాత డాక్టర్ల వ్యాసాలు చదువుకొని ఆపరేషన్ నేర్చుకున్నారు. ఒకరికి బాగైతే ఆ కబురు విని పదిమంది వచ్చేవారు. మొదటి మూడేళ్లలోనే 300 మందికి ఆపరేషన్ చేశారు. ఒప్పందం ముగిసింది గాని, వరుస ముగియలేదు. వారు ఉండిపోయారు. ఈ స్త్రీలకోసమే ప్రత్యేకంగా 1974లో ఆసుపత్రిని స్థాపించారు. వైద్యం ఉచితం.

పరదేశంలో కాపురం అంటే ఏమిటో వెళ్లినవారికే తెలుసు. అడిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్లకు పైన ఉన్న చలి ఊరు. టెఫ్ అనే చిన్న ధాన్యపు పిండిని పులియబెట్టి, మన దోసెకు దగ్గరి చుట్టంలాంటి ఇంజెరా వేసుకొని తింటారు. భాష అమ్హారిక్. తల్లిదండ్రులకు ఇవన్నీ నేర్చుకోవలసిన పాఠాలు. పిల్లలకు మాత్రం అదే ఇల్లు. ఈ తేడా తరువాత పెద్ద సమస్య అవుతుంది, కింద చెబుతాము.

ఇంటికి సిద్ధపరచటం

రంధ్రం మూసే ఆపరేషన్ తరువాత మూత్రపు గొట్టాన్ని సుమారు రెండు వారాలు ఉంచుతారు. ఆ రోజుల్లో ఆమె బాగా నీళ్లు తాగాలి. ఏళ్ల తరబడి నీళ్లకు భయపడిన మనిషి చేత తాగించటం తేలిక కాదు. ఇదే జబ్బుతో వచ్చి నయమై అక్కడే పనిచేస్తున్న స్త్రీలు పక్కన కూర్చొని చెబితే వింటుంది. డాక్టరు మాట కంటే ఆ మాటకు బలం ఎక్కువ. బలహీనంగా ఉన్నవారికి ముందు తిండి పెట్టి, కాళ్లకు వ్యాయామం చేయించి, ఆ తరువాతే ఆపరేషన్ బల్ల ఎక్కిస్తారు.

ఇంటికి పంపే ముందు చెప్పవలసినవి ముఖ్యంగా రెండు. మూడు నెలలు భర్తతో కలియకూడదు, బరువులు ఎత్తకూడదు. మళ్లీ గర్భం వస్తే నొప్పులు మొదలయ్యేదాకా ఊళ్లో ఉండకుండా, ముందుగానే ఆసుపత్రికి వచ్చి సిజేరియన్ చేయించుకోవాలి. ఈ రెండవ మాట ఆమెకు మాత్రమే చెబితే చాలదు. ఊళ్లో ఆమెను బస్సెక్కించే నిర్ణయం అత్తగారిదో భర్తదో అవుతుంది గాని ఆమెది కాదు. అందుచేత తోడు వచ్చిన వారినీ కూర్చోబెట్టి చెప్పాలి. తోడు ఎవరూ రాకపోతే? అప్పుడు ఆమె ఎక్కడికి వెళ్తున్నదో, ఎవరి ఇంట్లో ఉంటుందో, చేతిలో ఏ పని ఉన్నదో అడిగి తెలుసుకోకుండా పంపటం సగం వైద్యమే.

అందరికీ పూర్తిగా నయం కాదు. మూత్రసంచి అసలే మిగలని వారుంటారు. రంధ్రం మూసుకున్నా మూత్రం అదుపులో ఉండని వారుంటారు. అలాంటివారికోసం నగరం వెలుపల దెస్తా మెండర్, అంటే ఆనంద గ్రామం అనే చోటు ఏర్పాటు చేశారు. అక్కడ పని నేర్చుకొని తమ కాళ్లమీద నిలబడతారు.

ఇక మమితు గాషే సంగతి. పల్లెటూరి పిల్ల, చదువు రాదు. 1962 ప్రాంతంలో ఈ గాయంతోనే వచ్చింది. ఆపరేషన్ అయ్యాక పడకలు సర్దుతూ, థియేటరులో అందిస్తూ ఉండగా, ఆమె చేతి నేర్పును రెజినాల్డ్ గమనించారు. క్రమంగా ఆమే ఆపరేషన్లు చేయటం నేర్చుకుంది. పరదేశాల నుండి వచ్చిన సర్జన్లకు కూడా నేర్పింది. 1989లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఆమెకు, హామ్లిన్ దంపతులకు కలిపి బంగారు పతకం ఇచ్చింది.

కుటుంబం తిరిగి వచ్చేటప్పుడు

1974లో విప్లవం వచ్చి చక్రవర్తి పదవి పోయింది. ఆ తరువాత 17 ఏళ్లు సైనిక పాలన. ఎంతోమంది విదేశీయులు వెళ్లిపోయినా ఈ దంపతులు కదలలేదు. 1993లో రెజినాల్డ్ మరణించారు. క్యాథరిన్ ఒంటరిగానైనా ఉండి, తొంభై దాటాక కూడా ఆపరేషన్లు చేశారు. ఆసుపత్రి ఆవరణలోని తన ఇంట్లోనే 2020 మార్చి 18న 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మన గుంటూరులో 1883లో అడుగుపెట్టి, 1930లో అక్కడే మరణించిన డాక్టర్ అన్నా కుగ్లర్ కూడా అలాంటివారే.

అయితే అందరూ అలా ఉండిపోవాలని మేము చెప్పము. ఎక్కువ కుటుంబాలు ఏదో ఒక రోజు తిరిగి రావలసిందే. పిల్లల చదువు, ముసలి తల్లిదండ్రులు, వీసా, ఆరోగ్యం, ఇవన్నీ న్యాయమైన కారణాలే. క్యాథరిన్ వెళ్లలేదన్నది కాదు మాకు ముఖ్యం. ఆమె లేని రోజుకు ఆసుపత్రి సిద్ధంగా ఉన్నదన్నది ముఖ్యం. 2007లో మంత్రసానుల కాలేజీ ప్రారంభించి, పల్లె ప్రాంతాల పిల్లలను తీసుకొని, చదివాక వారి ప్రాంతాలకే పంపేలా ఏర్పాటు చేశారు. బహిర్ దార్, మెకెలే, యిర్గాలెం, హరార్, మెతు పట్టణాల్లో శాఖలు లేచాయి. ఈ పనిలో ఇప్పటికి 60,000 మందికి పైగా స్త్రీలకు వైద్యం అందింది.

తిరుగు ప్రయాణం పెట్టుకున్న కుటుంబాలకు మా సలహా. మీ ద్వారా సహాయం పొందుతున్న స్త్రీలకు నెలల ముందే చెప్పండి. ఒకసారి అందరూ విడిచిపెట్టినవారు వారు. చెప్పకుండా విమానం ఎక్కితే మీరూ ఆ లెక్కలోనే చేరతారు. చికిత్స మధ్యలో ఉన్న ఎవరినీ అలా వదలకండి. ఆమె కాగితాలు ఆమె భాషలో రాసి ఇవ్వండి. మీ తరువాత ఎవరి దగ్గరకు వెళ్లాలో పేరు చెప్పటం కాదు, మీరే తీసుకెళ్లి పరిచయం చేయండి. ‘మళ్లీ వస్తాము’ అని నిలబెట్టుకోలేని మాట ఇవ్వకండి.

పిల్లల విషయం ఇంకా సున్నితమైనది. మీరు ఇంటికి వెళ్తున్నారు, వారు ఇల్లు వదిలి వెళ్తున్నారు. స్నేహితులకు, ఆయాకు, కుక్కపిల్లకు కూడా వీడ్కోలు చెప్పుకోనివ్వండి. వచ్చిన తరువాత నెలల తరబడి నిద్రపట్టకపోవటం, ఊరికే కోపం, బడికి పోనని మారాం, పెద్దవారిలో దిగులు కనిపిస్తే అది విశ్వాసం తగ్గటం కాదు. తగ్గకుండా ఉంటే డాక్టరుకు చూపించండి. సంఘాలకు కూడా ఒక మాట. తిరిగి వచ్చిన కుటుంబానికి ఆదివారం ఆరాధనలో పది నిమిషాలు సమయమిచ్చి, శాలువా కప్పి, అంతటితో మరచిపోవటం మనకు అలవాటు. భోజనానికి పిలిచి, రెండు మూడు గంటలు తీరికగా వినేవారు ఒక్కరున్నా ఎంతో మేలు.

మన దగ్గర

మన రాష్ట్రాల్లో ఆసుపత్రి కానుపులు పెరిగి, 2005లో 108 వాహనాలు మొదలైన తరువాత రోజుల తరబడి నొప్పులు పడే పరిస్థితి చాలా తగ్గింది. అయితే మూత్రం కారే ఫిస్టులా మరో దారిలో వస్తున్నది. గర్భసంచి తీసే ఆపరేషన్లో మూత్రసంచికి గాని మూత్రనాళానికి గాని దెబ్బ తగిలితే ఇదే జరుగుతుంది. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపాయి. అవసరం లేని ఆపరేషన్ మానుకోవటమే మొదటి జాగ్రత్త.

కానుపు తరువాత గాని, ఆపరేషన్ తరువాత గాని కొద్ది రోజులకు మూత్రం తెలియకుండా కారుతుంటే ‘వేడి చేసింది, నీరసం’ అని ఊరుకోకండి. రంధ్రం చిన్నదై, వెంటనే వస్తే కొన్ని వారాలు గొట్టం ఉంచటంతోనే కొందరికి మూసుకుపోతుంది. ఆలస్యమైనా ఆపరేషన్ ఉంది. ఎన్నేళ్ల పాతదైనా రండి. వచ్చేటప్పుడు కానుపు లేక ఆపరేషన్ జరిగిన చోట ఇచ్చిన డిశ్చార్జి కాగితాలు తీసుకురండి. దారిలో నీళ్లు తాగటం మానవద్దు. ఓపీలో అందరి ముందు చెప్పటానికి సిగ్గనిపిస్తే, చీటీ రాయించేటప్పుడు డాక్టరమ్మను చూడాలని మాత్రం చెప్పండి, చాలు.