అమెచ్యూర్ సైక్లింగ్: పందెం ఒకరిది, సమయం ఇంటిల్లిపాదిది

సైకిల్ రేసింగ్‌ను వృత్తిగా కాకుండా ఇష్టంగా చేసేవారికి అసలు అడ్డంకి ఎదురుగాలి కాదు, ఎండ కాదు. వారానికి ఉన్న 168 గంటలే. ఉద్యోగం, నిద్ర, ప్రయాణం, పిల్లల చదువు, పెద్దవాళ్ల మందులు పోగా మిగిలే కాస్త సమయంలోనే సాధన జరగాలి. ఆ సమయం ఎవరి దగ్గర నుంచి వస్తోందన్నది మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ లెక్క వేయరు.

పుదుచ్చేరి పట్టణం ఈ లెక్కను అర్థం చేసుకోవడానికి మంచి ఉదాహరణ. చదునైన నేల, సముద్రం పక్కన సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డు, దగ్గర్లో ఆరోవిల్ మట్టి బాటలు. సైకిల్ తొక్కాలనుకునేవారిని ఊరించే ఊరు ఇది. కానీ ఇక్కడి వాతావరణం, ట్రాఫిక్ కలిసి సాధనకు చాలా చిన్న వేళనే మిగులుస్తాయి. సరిగ్గా ఆ వేళలోనే ఇంటికి కూడా మనిషి కావాలి.

అమెచ్యూర్ రేసర్ అంటే ఎవరు?

తెలుగునాట బైక్ అంటే మోటార్ సైకిలే గుర్తుకొస్తుంది. ఇక్కడ చెబుతున్నది సన్నని చక్రాలు, వంగిన హ్యాండిల్ ఉండే రోడ్ బైక్ గురించి. జీతం కోసమో, జట్టు కాంట్రాక్టు కోసమో కాకుండా సొంత ఖర్చుతో పోటీల్లో పాల్గొనేవారే అమెచ్యూర్లు. వీరిలో వైద్యులు, బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు కనిపిస్తారు. ఎక్కువమంది ముప్ఫైల్లో, నలభైల్లో ఉన్నవారు. అంటే పిల్లలు చిన్నవాళ్లుగా, తల్లిదండ్రులు పెద్దవాళ్లుగా ఉండే వయసు.

వీరు పాల్గొనే పోటీలు రకరకాలు. టైమ్ ట్రయల్‌లో ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీ పడతారు. క్రైటీరియంలో చిన్న చుట్టును పదే పదే తిరుగుతారు. రోడ్ రేస్‌లో అందరూ ఒకేసారి బయలుదేరతారు. వీటికి తోడు బ్రెవే అనే దూరప్రయాణం ఉంది. నిజానికి అది పందెం కాదు. నిర్ణీత గడువులోగా దూరం పూర్తి చేస్తే చాలు, ముందు వెనుకల ర్యాంకులు ఉండవు.

పుదుచ్చేరిలో ఉదయం ఎందుకంత చిన్నది?

ఇక్కడ మే, జూన్ నెలల్లో సూర్యోదయం దాదాపు 5.45కి. జనవరిలో 6.30 అవుతుంది. వేసవిలో ఎనిమిది దాటితే ఉక్కపోతలో గట్టిగా తొక్కడం కష్టం. ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు. ఎండకు ముందు, ట్రాఫిక్‌కు ముందు, స్కూలు బస్సుకు ముందు సాధన ముగియాలి.

ఒక చిన్న లెక్క చూద్దాం. పట్టణం నుంచి కాలాపేట మీదుగా మరక్కాణం వైపు 30 కిలోమీటర్లు వెళ్లి తిరిగొస్తే 60 కిలోమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల సగటు వేగంతో 2 గంటల 24 నిమిషాలు పడుతుంది. ఏడింటికల్లా ఇంట్లో ఉండాలంటే నాలుగున్నరకే బయలుదేరాలి. అందుకు నాలుగింటికి లేవాలి. అంటే రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోవాలి. చాలా ఇళ్లలో అందరూ కలిసి కూర్చుని మాట్లాడుకునేది ఆ వేళలోనే. ఉదయం సాధన రాత్రి కబుర్లను కూడా తీసుకుపోతుందని మొదట్లో ఎవరికీ తట్టదు.

పట్టణంలోని బీచ్ రోడ్డులో సాయంత్రం ఆరు నుంచి మర్నాడు ఉదయం ఏడున్నర వరకు మోటారు వాహనాలకు అనుమతి లేదు. నడకకు, పిల్లలతో తిరగడానికి అది గొప్ప సౌకర్యం. కానీ ఒకటిన్నర కిలోమీటరు పొడవుండే రోడ్డు, అందులోనూ వాకర్లతో నిండిన రోడ్డు, వేగంగా తొక్కే సాధనకు పనికిరాదు. రేసర్ హైవే ఎక్కక తప్పదు.

ఆరు గంటలు పది గంటలు ఎలా అవుతాయి?

అమెరికా కోచ్ క్రిస్ కార్మైకేల్, జిమ్ రట్‌బర్గ్‌తో కలిసి 2009లో సమయం దొరకని సైక్లిస్టుల కోసం ఒక పుస్తకం తెచ్చారు. పేరు 'ది టైమ్ క్రంచ్డ్ సైక్లిస్ట్'. వారానికి ఆరు గంటల సాధనతోనే పోటీకి సిద్ధం కావచ్చన్నది అందులోని వాదన. దూరం తగ్గించి, తీవ్రత పెంచడం దాని కిటుకు. చిన్న చిన్న విడతలుగా గట్టిగా తొక్కి, మధ్యలో నెమ్మదించడం.

ఆరు గంటలంటే వారంలో మూడు రోజులు గంట చొప్పున, ఆదివారం మూడు గంటలు అనుకుందాం. రైడర్ డైరీలో రాసుకునేది ఇదే. ఇంటి లెక్క వేరు. బయలుదేరే ముందు తయారీ, వచ్చాక స్నానం కలిపి రోజుకు అరగంట వేసుకుంటే నాలుగు రోజులకు రెండు గంటలు. ఆదివారం మధ్యాహ్నం అలసటతో గంటన్నర నిద్ర. సైకిల్ శుభ్రం చేయడానికి అరగంట. పుదుచ్చేరి లాంటి సముద్రతీరంలో ఉప్పుగాలికి చైన్ త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి ఈ పని మానేయడానికి లేదు. మొత్తం పది గంటలు.

చెమటతో తడిసిన బట్టలు ఉతకడం, ఆదివారం టిఫిన్ ఆలస్యం కావడం, 'నాన్న ఎప్పుడొస్తాడు' అని అడిగే పిల్లలకు జవాబు చెప్పడం ఈ పదిలో లేవు. భార్యాభర్తల మధ్య గొడవ వచ్చేది ఎక్కువగా ఇక్కడే. ఒకరు 'ఆరు గంటలేగా' అంటారు. ఇంకొకరు 'ఆదివారమంతా పోయింది' అంటారు. ఎవరి లెక్క వారికి నిజమే.

ఏ పోటీ ఎంత అడుగుతుంది?

పోటీని ఎంచుకోవడమంటే ఇంటి నుంచి ఎంత సమయం అడగాలో నిర్ణయించుకోవడమే. గంట లోపు ముగిసే టైమ్ ట్రయల్‌కు ఆరు గంటల సాధన సరిపోవచ్చు. బ్రెవేల సంగతి వేరు.

ఈ బ్రెవేలు ఫ్రాన్స్‌లో పుట్టాయి. 1954 నవంబరు 1 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న పుదుచ్చేరికి, తెలుగువారి యానాంకు ఆ దేశం కొత్త కాదు. 1891లో తొలిసారి జరిగిన పారిస్-బ్రెస్ట్-పారిస్ అప్పట్లో నిజమైన పందెమే. దాదాపు 1,200 కిలోమీటర్ల దూరాన్ని షార్ల్ టెరోన్ 71 గంటల 22 నిమిషాల్లో పూర్తి చేసి గెలిచాడు. వృత్తి సైక్లిస్టుల పోటీగా అది 1951తో ఆగిపోయింది. సామాన్యులు గడువుతో పోటీ పడే యాత్రగా మాత్రం నిలిచింది. నాలుగేళ్లకోసారి జరిగే ఈ యాత్ర 2023 తర్వాత మళ్లీ 2027లో రావాలి. గరిష్ఠ గడువు 90 గంటలు.

పారిస్ క్లబ్బు నియమాల ప్రకారం మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండొన్యూర్స్ సంస్థ బ్రెవేలను పర్యవేక్షిస్తుంది. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. ఒకే సీజన్‌లో ఈ నాలుగూ పూర్తి చేసినవారిని 'సూపర్ రాండొన్యూర్' అంటారు.

గడువులన్నీ కలిపితే 100 గంటల 30 నిమిషాలు. నాలుగు వారాంతాలు. 300 దాటితే రాత్రి ప్రయాణం తప్పదు. ర్యాంకులు లేవు కాబట్టి ఇది కుటుంబస్తులకు అనువైన క్రీడ అని చాలామంది అనుకుంటారు. పోటీ ఒత్తిడి తక్కువే కానీ ఇంట్లో లేని గంటలు చాలా ఎక్కువ.

ఇంకా పైమెట్టు రేస్ అక్రాస్ అమెరికా. దాదాపు 4,800 కిలోమీటర్లు, ఒంటరి రైడర్లకు 12 రోజుల గడువు. 2015లో నాసిక్‌కు చెందిన వైద్య సోదరులు హితేంద్ర, మహేంద్ర మహాజన్ ఇద్దరి జట్టుగా దీన్ని పూర్తి చేశారు. 2017లో ఆర్మీ వైద్యుడు శ్రీనివాస్ గోకుల్‌నాథ్, నాగ్‌పూర్ వైద్యుడు అమిత్ సమర్థ్ ఒంటరి విభాగంలో గడువులోగా పూర్తి చేశారు. ఉద్యోగం చేసుకునేవారు ఎంతదూరం వెళ్లగలరో చెప్పడానికి వీరు ఉదాహరణ. అయితే ఆ పోటీలో రైడర్ వెనుక వాహనాల్లో సహాయక బృందం ఉంటుంది. ఒంటరి విభాగం అంటారు కానీ, ఒక్కరే పూర్తిచేసే పోటీ కాదు.

ఆ సమయం ఎవరిది?

జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ఒక సంగతి చెబుతోంది. జీతం లేని ఇంటి పని చేసేవారిలో మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. 2019 సర్వేలో ఇవి 299, 97.

రెండింటి మధ్య తేడా ఇప్పుడు 201 నిమిషాలు. అంటే 3 గంటల 21 నిమిషాలు. పైన చెప్పుకున్న 60 కిలోమీటర్ల సాధన, తయారీ, స్నానం, టిఫిన్ అన్నీ అందులో ఇమిడిపోతాయి. ఆదివారం పొద్దున భర్తకు దొరికే ఖాళీ సమయం చాలా ఇళ్లలో ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇంకొకరు ఆ వేళ పాలు కాచి, పిల్లల్ని లేపి, పెద్దవాళ్లకు కాఫీ ఇస్తున్నారు కాబట్టి దొరికింది.

దీన్ని తిరగేసి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. భార్య రేసర్ అయితే నాలుగున్నరకు ఆమె బయలుదేరగలదా? ఇంటి పని అప్పటికి ఎవరో ఒకరు పంచుకుని ఉండాలి. చీకట్లో రోడ్డు మీద భద్రత ఇంకో ప్రశ్న. మహిళా సైక్లిస్టులు తక్కువగా కనిపించడానికి ఆసక్తి లేకపోవడమే కారణమనడం తేలిక. 289 నిమిషాలను గుర్తుపెట్టుకుంటే అలా అనలేం.

ఇల్లు సహకరిస్తే ఏం సాధ్యమో చెప్పే ఉదాహరణ అమెరికాకు చెందిన క్రిస్టిన్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఒలింపిక్ టైమ్ ట్రయల్‌లో 2008, 2012, 2016లో వరుసగా మూడు స్వర్ణాలు గెలిచారు. 2010లో కొడుకు పుట్టాడు. మూడో స్వర్ణం గెలిచిన మర్నాడు ఆమెకు 43 ఏళ్లు నిండాయి. అప్పటికి ఆమె ఒక ఆసుపత్రిలో ఉద్యోగం కూడా చేస్తున్నారు. ఆమె ప్రతిభ అందరికీ ఉండదు. తల్లి అయితే పోటీ ముగిసినట్టే అన్న మాట మాత్రం నిలబడదు.

చెప్పుకోని భయం

సమయం గురించి జరిగే గొడవ వెనుక చాలాసార్లు భయం దాగి ఉంటుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. మరక్కాణం-పుదుచ్చేరి మధ్య 46 కిలోమీటర్ల రహదారిని నాలుగు వరుసలుగా మార్చే ప్రాజెక్టుకు కేంద్ర మంత్రివర్గం 2025 ఆగస్టులో ఆమోదం తెలిపింది. రోడ్డు వెడల్పయితే సైకిల్‌కు చోటు దొరకవచ్చు, వాహనాల వేగమూ పెరగవచ్చు.

ఇంట్లోవాళ్ల ఆందోళనను 'ఏం కాదులే' అని కొట్టేయడం కంటే కొన్ని పనులు చేసి చూపడం మేలు. వెనుక ఎర్రలైటు, హెల్మెట్, వెలుగు పడితే మెరిసే బట్టలు తప్పనిసరి. వెళ్లే దారి, తిరిగొచ్చే వేళ ముందే చెప్పాలి. ఫోన్‌లో లొకేషన్ పంచుకోవాలి. ఆలస్యమైతే ఆగి ఫోన్ చేయాలి.

బీమా సంగతి కూడా కూర్చుని మాట్లాడుకోవాలి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి 2 లక్షల రూపాయలు వస్తాయి. గుర్తు తెలియని వాహనం ఢీకొని మరణిస్తే 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పథకం కింద 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు పరిహారం ఉంది. ఒక కుటుంబానికి ఇది ఏ మూలకూ చాలదు. ఆరోగ్య బీమాలో ప్రమాదకర, సాహస క్రీడల మినహాయింపు ప్రామాణిక పదాలు వృత్తిగా పాల్గొనేవారిని ఉద్దేశించినవి. అయినా వ్యక్తిగత ప్రమాద బీమాల షరతులు వేరుగా ఉండవచ్చు. పోటీకి పేరు నమోదు చేసుకునే ముందే పాలసీ చదవాలి.

కుదుర్చుకోవడం ఎలా?

మొదటిది, ఏడాదికి ఒకే ప్రధాన పోటీ పెట్టుకోవడం. మిగిలినవి వీలైతేనే. తీరంలో వానలు తగ్గి సైక్లింగ్‌కు అనువైన జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే సంక్రాంతి, మాఘమాసం పెళ్లిళ్లు వస్తాయి. ఆ వెంటనే పిల్లల పరీక్షలు. పోటీల క్యాలెండర్‌ను ఇంటి క్యాలెండర్ పక్కన పెట్టి, ఇద్దరూ కలిసి తేదీ ఎంచుకుంటే సగం గొడవలు రావు.

రెండోది, కొంత సాధనను ఇంట్లోకి తేవడం. వెనుక చక్రాన్ని బిగించి తొక్కే ఇండోర్ ట్రైనర్‌తో పిల్లలు లేచేలోపు గంట సాధన పూర్తవుతుంది. ట్రాఫిక్ భయం ఉండదు. పుదుచ్చేరి ఉక్కలో ఫ్యాన్ మాత్రం తప్పదు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, గంటకు గంట. ఆదివారం పొద్దున ఒకరికి పది గంటల లెక్కలో భాగం దక్కితే, ఇంకొకరికీ ఏ పనీ అంటని, ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని అంతే సమయం దక్కాలి. అది సంగీతానికో, స్నేహితులకో, నిద్రకో వారి ఇష్టం. బీచ్ రోడ్డుకు పిల్లల్ని తీసుకెళ్లే పని ఆ వేళకు రేసర్‌దే.

నాలుగోది, ఆపాల్సిన వేళను గుర్తించడం. పసిబిడ్డ పుట్టిన ఏడాది, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉన్న నెలలు సాధనకు కావు. శిక్షణ ఆగితే దమ్ము తగ్గుతుంది, మళ్లీ తెచ్చుకోవచ్చు. ఆ రోజుల్లో ఇంట్లో లేకపోవడాన్ని మాత్రం తర్వాత పూడ్చలేం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అమెచ్యూర్ రేసర్‌కు అది నీతివాక్యం కాదు, సాధన ప్రణాళికలో మొదటి పంక్తి. వచ్చే సీజన్‌కు పేరు నమోదు చేసుకునే ముందు ఒక కాగితం మీద రెండు వరుసలు గీసి, ఈ వారం ఎవరికి ఎన్ని గంటలు దక్కాయో ఇద్దరూ కలిసి రాసుకుంటే చాలు. ఏ పోటీకి వెళ్లవచ్చో ఆ కాగితమే చెబుతుంది.