తాగనివాని కాలేయము

"ఆయన చుక్క ముట్టడు. మరి లివరు ఎట్ల ఖరాబైంది?" సోమశిల రేవులో కృష్ణ దాటే పడవలో మేము విన్న మాట ఇది. ఆ రోగి సంఘములో పెద్దాయనట. కడుపులో నీరు చేరిందట. చాటుగా తాగేవాడేమోనని ఎవరో గొణిగారు. ఆ గొణుగుడే మా చేత ఈ నాలుగు మాటలు వ్రాయిస్తున్నది.

ప్రియులారా, కాలేయము చెడటానికి సారా ఒక్కటే కారణము కాదు. హెపటైటిస్ 'సి' అనే వైరస్ ఉన్నది. దీనిని 1989లో గుర్తించారు. ఆ పరిశోధనలకు 2020లో నోబెల్ బహుమానము వచ్చింది. ఇది రక్తము ద్వారా సోకుతుంది. పది మందికి ఒకే సూది, 2002కు ముందు పరీక్ష లేకుండా ఎక్కించిన రక్తము, పచ్చబొట్టు, మార్చని క్షవరపు బ్లేడు, ఇవే దాని దారులు. సోకిన తరువాత ఇరవై, ముప్పై ఏండ్లు కిక్కురుమనకపోవచ్చు.

ఇది క్యాన్సర్‌కు ఎలా దారితీస్తుంది? హెపటైటిస్ 'బి' మన జన్యువులలోనే దూరగలదు. 'సి' అలా దూరదు, కణము లోపలి గది బయటే ఉంటుంది. అక్కడ పది ప్రోటీన్లను తయారు చేసుకుంటుంది. కణములో ఏ జన్యువు పని చేయాలో, ఏది ఊరకుండాలో ఒక క్రమమున్నది. ఈ ప్రోటీన్లు ఆ క్రమమును చెదరగొడతాయి. చెడిన కణమును ఆపే పి53 మన బైబిలులోని కావలివాని వంటిది. ఎన్‌ఎస్5ఎ అనే ప్రోటీన్ దానిని లోపలికి పోనివ్వక బయటే పట్టి ఉంచుతుందని ప్రయోగశాలలలో చూశారు. ఎన్‌ఎస్5బి, ఆర్‌బి అనే మరో కావలివానిని నాశనమునకు అప్పగిస్తుంది. కోర్ ప్రోటీన్ పెరుగుదల జన్యువులను రెచ్చగొడుతుంది. దీనికి తోడు ఏండ్ల తరబడి వాపు, మచ్చలతో కాలేయము గట్టిపడుతుంది. క్యాన్సర్ ఎక్కువగా అక్కడే మొలుస్తుంది.

ఇప్పుడు మందు ఉన్నది. సాధారణముగా పన్నెండు వారాల మాత్రలతో నూటికి తొంభైమందికి పైగా వైరస్ పోతుంది. మన హైదరాబాదు నాట్కో 2015లోనే సోఫోస్‌బువిర్ మాత్రను విడుదల చేసింది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమము క్రింద పరీక్ష, మందు ఉచితము. పసరు మందుతో కాలము గడపవద్దు. కాలేయము అప్పటికే గట్టిపడితే, వైరస్ పోయినా జన్యువుల మీద అది వేసిన గుర్తులు కొన్ని మిగులుతాయి. క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. అటువంటివారు ఆరు నెలలకొకసారి స్కానింగ్ మానరాదు.

'బి'కి టీకా ఉన్నది, హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చింది. 'సి'కి టీకా లేదు. అందుకే పాతకాలములో రక్తము ఎక్కించుకున్నవారు, సూదులు విరివిగా వేయించుకున్నవారు ఒక్కసారి పరీక్ష చేయించుకోవాలి. మొదటి పరీక్షలో 'ఉన్నది' అని వస్తే, వైరస్ ఇంకా ఉన్నదో లేదో తేల్చే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష అడగండి.

మరొక సంగతి. కలిసి తిన్నందువలన, కౌగిలించుకున్నందువలన ఇది అంటదు. ప్రభురాత్రి భోజనపు పాత్ర వలన కూడా అంటదు. ఆ పెద్దాయనను బల్ల దగ్గర నుండి ఎవరూ వెనుకకు పంపనక్కరలేదు.