పగలు కొలువు.. సాయంత్రం బంతి
జీవనోపాధి వదలకుండానే ఆట.. చిన్న క్లబ్బులు చూపిన దారి

గాండ్లపెంట: ఫుట్‌బాల్ అనగానే కోట్ల రూపాయల పారితోషికాలు, కిక్కిరిసిన స్టేడియంలు గుర్తుకొస్తాయి. కానీ ఆ ఆటకు పుట్టినిల్లయిన ఇంగ్లండ్‌లో దిగువ లీగుల క్రీడాకారుల జీవితం అందుకు పూర్తిగా భిన్నం. వీరిలో ఉపాధ్యాయులు, కార్మికులు, చిన్న ఉద్యోగులు ఉంటారు. పగలు కొలువు చేసుకుంటూ వారంలో ఒకటి రెండు సాయంత్రాలు సాధన చేస్తారు. సాధారణంగా శనివారం మ్యాచ్ ఆడతారు. క్లబ్బు ఇచ్చే సొమ్ము ఇల్లు గడవడానికి చాలదు. వీటినే సెమీ ప్రొఫెషనల్ క్లబ్బులు అంటారు.

అంచెలంచెలుగా లీగులు

ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్‌తో కలిపి మొదటి నాలుగు అంచెల్లో 92 క్లబ్బులు ఉన్నాయి. ఐదో అంచె నేషనల్ లీగ్. ఆ కిందికి దిగేకొద్దీ సెమీ ప్రొఫెషనల్ క్లబ్బులే అధికం. రాణించిన జట్టు పై అంచెకు వెళ్తుంది, వెనుకబడినది కిందికి దిగుతుంది. టికెట్ల సొమ్ము, స్థానిక వ్యాపారుల ప్రకటనలు, అభిమానుల స్వచ్ఛంద సేవే వీటికి ఆధారం.

ఎఫ్ఏ కప్‌లో చిన్న క్లబ్బులకూ ప్రవేశం ఉంటుంది. 2021 జనవరిలో ఎనిమిదో అంచెకు చెందిన మెరైన్ జట్టు ప్రఖ్యాత టోటెన్‌హామ్‌తో తలపడి 5-0 తేడాతో ఓడింది. కొవిడ్ ఆంక్షల వల్ల ప్రేక్షకులకు అనుమతి లేకపోయినా, క్లబ్బును ఆదుకునేందుకు అభిమానులు 30 వేలకు పైగా టికెట్లు కొన్నారు.

మన పోలీసు జట్టు

కొలువు చేస్తూ ఆడే పద్ధతి తెలుగునాట కొత్త కాదు. ఇక్కడ క్లబ్బుకు బదులు ప్రభుత్వ శాఖ ఆసరాగా నిలిచింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆయన జీవితం ఆధారంగా 2024లో 'మైదాన్' చిత్రం విడుదలైంది.

రెండు పద్ధతుల్లోనూ లోటుపాట్లు ఉన్నాయి. శాఖ జట్టులో నెల జీతానికి ఢోకా లేదు. కానీ అధికారుల ఆసక్తి తగ్గితే జట్టు చితికిపోతుంది. క్లబ్బుకు ఊరి అండ ఉంటుంది, అయితే లెక్క తప్పితే పతనమే. 1885లో పుట్టిన బరీ క్లబ్బును ఆర్థిక ఇబ్బందుల కారణంగా 2019లో లీగ్ నుంచి తొలగించారు. అభిమానుల కృషితో ఆ పేరు 2023లో తొమ్మిదో అంచెలో తిరిగి వినిపించింది.

మన పిల్లలకు ఏది దారి?

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఆటకు పునాది ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన ఆర్డీటీ, అనంతపురంలో క్రీడా గ్రామం నెలకొల్పి పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పింది. చదువు ముగిశాక బతుకుతెరువు వెతుక్కుంటూ యువత బెంగళూరు బాట పట్టడం ఈ కరవు సీమలో మామూలే. నేర్చిన ఆట అక్కడితో ఆగిపోకూడదంటే పని, ఆట రెండూ సాగే చిన్న క్లబ్బులు కావాలి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2023లో ఐ-లీగ్ 3 ప్రారంభించడంతో రాష్ట్రాల క్లబ్బులకు జాతీయ స్థాయికి ఒక మెట్టు ఏర్పడింది. ఆ మెట్టు ఎక్కాలంటే ముందుగా కదిరి, హిందూపురం, ధర్మవరం వంటి పట్టణాల్లో స్థానిక వ్యాపారులు, పూర్వ క్రీడాకారులు చేయి కలపాల్సి ఉంది. సాయంత్రం వేళ ఒక మైదానం, పని మానుకోకుండా ఆడే వీలు దొరికితే తొలి అడుగు పడినట్లే.