పాత్రలు ఎవరి సొత్తు? – అభిమాన రచనలపై మూలకర్తల ఆక్షేపణలు, అభిమానుల సమాధానములు

ఒక రచయిత సృష్టించిన పాత్రను మఱియొకరు గైకొని క్రొత్త కథ నల్లినచో, అది మూలకర్తకు చేసిన గౌరవమా, అపచారమా? ఈ ప్రశ్న నేడు ప్రపంచ సాహిత్యమున వివాదాస్పదమై యున్నది. తాము మెచ్చిన గ్రంథములలోని పాత్రలతో పాఠకులు ప్రతిఫలాపేక్ష లేక వ్రాసికొను కథలను ఫ్యాన్ ఫిక్షన్ అని వ్యవహరించుచున్నారు. వీనిని మనము 'అభిమాన రచనలు' అనవచ్చును. పేరు క్రొత్తదే కాని, ఈ ప్రవృత్తి తెలుగువారికి క్రొత్త కాదు.

రొళ్ల మొదలుకొని మడకశిర, హిందూపురము, పెనుకొండల మీదుగా ధర్మవరము వఱకు గల సీమ తెలుగు కన్నడముల సంధిస్థానము. ఈ సీమలో ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు ప్రసిద్ధి వహించినది. ఆ గ్రామవాసియగు దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ పురస్కారమును పొందెను. తోలుబొమ్మలాటలో రామకథ నడచుచుండగా నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ప్రవేశించి హాస్యమాడుదురు. వీరు వాల్మీకి యెఱుగనివారు; ఈ ఆటకు పద్యసామగ్రి నొసగిన రంగనాథ రామాయణమునను కానరారు. రామరావణుల యుద్ధము నడుమ వీరు పలికెడి మాటలు ఊరివారి మాటలు. ప్రేక్షకులు వీనిని కథకు కలిగిన లోపముగ భావింపరు. కథ తమ ఊరికి వచ్చినదనియే తలంతురు.

అయితే వాల్మీకి వచ్చి ఆక్షేపించుట లేదు. ఆయన కథ ఏనాడో లోకము సొత్తయినది. కర్త జీవించి యున్నప్పుడే చిక్కు తలయెత్తును. దీనికి ప్రసిద్ధోదాహరణము స్పెయిను దేశమున దొరకును. సెర్వాంటెస్ తన డాన్ క్విక్సోట్ రెండవ భాగమును ఇంకను ముగింపకమునుపే, 1614లో అవెల్యనేడా అను మాఱుపేరుతో నెవరో ఆ కథకు ఉత్తరభాగమును ప్రకటించిరి. సెర్వాంటెస్ 1615లో తన రెండవ భాగమును వెలువరించి, అందు తన నాయకునిచేతనే ఆ దొంగగ్రంథమును గూర్చి వినిపించి, హేళన చేయించెను. ఆ గ్రంథము నాయకుని సరగోసాకు పంపినది గావున, దానిని అబద్ధము చేయుటకై ఈతడు ఆ నగరమును విడిచి బార్సిలోనా త్రోవ పట్టినట్లు వ్రాసెను. తుదకు నాయకునికి మరణమును కల్పించి, ఇక నెవరును ఆతనిని బయలుదేఱదీయ వీలులేకుండ జేసెను. కర్త ఆగ్రహమే ఇచ్చట ఉత్తమ కావ్యభాగముగ పరిణమించినది.

ఆధునికుల ఆక్షేపణలు ముఖ్యముగ నాలుగు. పాత్ర తమ మానసపుత్రిక గావున దానిని పరులు తమ యిచ్చవచ్చినట్లు నడపుట బాధాకరమనుట మొదటిది. అమెరికా రచయిత్రి ఆన్ రైస్ 2000లో తన పాత్రలతో అభిమాన రచనలు చేయరాదని ప్రకటించుటకు ఇట్టి భావమే మూలము. తమ జీవనాధారమగు హక్కు సడలునని భయపడుట రెండవది. తాము మున్ముందు వ్రాయబోవు కథ అభిమానుల కథను పోలినచో చౌర్యదోషము తమకే అంటునను శంక మూడవది. అన్యుల పాత్రల నాశ్రయించినవాడు స్వయముగ సృష్టించుట నేర్వడనుట నాల్గవది.

ఈ వాదములకు న్యాయశాస్త్రమున కొంత బలము గలదు. భారత దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము 57వ సెక్షను, హక్కులను అమ్మిన పిదప కూడ, రచనను వికృతము చేసి తన గౌరవమునకు భంగము కలిగించు పనులను కర్త అడ్డుకొనవచ్చునని చెప్పుచున్నది. మన్నూ భండారి నవల 'ఆప్ కా బంటీ' చలనచిత్రమైన సందర్భమున ఢిల్లీ హైకోర్టు 1986లో ఈ సూత్రమును సమర్థించెను. మఱియొక వంక సుప్రీంకోర్టు 1978లో ఆర్. జి. ఆనంద్ వ్యాజ్యమున, భావమునకు, ఇతివృత్తమునకు హక్కు ఉండదనియు, దానిని వ్యక్తము చేసిన తీరునకే హక్కు కలదనియు నిర్ణయించెను. వివాదమంతయు ఈ రెండు తీర్పుల నడుమ నున్న చోటనే.

అభిమానుల సమాధానమును వినవలసి యున్నది. తాము ధనము కోరుట లేదని, మూలకర్త పేరును దాచుట లేదని, తమ రచనలు చదివినవారు మూలగ్రంథమునకే మరలుదురని వారందురు. 2007లో అమెరికాలో స్థాపితమైన ఒక లాభాపేక్షలేని సంస్థ ఇట్టి రచనలు మూలమును రూపాంతరము నొందించు నూతన సృష్టులనియు, అందువలన న్యాయసమ్మతములనియు వాదించుచున్నది. సాహిత్యమంతయు నిట్లే పెరిగినదనుట వారి ప్రధానవాదము. తెలుగున దీనికి సాక్ష్యము కొఱవడదు. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన పూరించి, కీర్తి తనది కాదన్నట్లు నన్నయ రచనగనే ముగించెను. ఇంతకు మించిన అభిమానము మఱియేది?

గురజాడ కన్యాశుల్కము 1897లో ముద్రితమై, 1909లో దాదాపు క్రొత్త నాటకమన్నట్లు తిరిగి వెలువడినది. అందలి గిరీశము ముళ్లపూడి వెంకటరమణ కలమున సినిమాలపై లెక్చర్ల నిచ్చెను. మధురవాణి పురాణం సుబ్రహ్మణ్యశర్మ చేతిలో పలువురు సాహిత్యకారులను ఇంటర్వ్యూ చేసెను. ఇందు నాటకకథ మరల చెప్పబడలేదు. పాత్ర పలుకుబడి మాత్రము క్రొత్త సందర్భమున వినిపించినది. గురజాడ కీర్తికి వీనివలన లోటు కలుగలేదు. గిరీశము నాటకపు పుటలను దాటి బ్రతికినాడు.

అభిమానము మాత్రమే కాదు, ప్రశ్నయు రచనకు ప్రేరకమగును. ఓల్గా 'విముక్త' కథలలో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలిసికొనును. మూలము మౌనము వహించిన చోట ఆ కథలు మాటలాడినవి. 2015లో ఆ గ్రంథమునకు సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

ఇట్లు ఇరుపక్షముల మాటయు కొంత సత్యమైనప్పుడు తూనిక యేది? మన ఆలంకారికులు దానిని సిద్ధముగ నుంచిరి. తొమ్మిదవ శతాబ్దికి చెందిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము నాల్గవ ఉద్ద్యోతమున కావ్యముల పోలికను మూడు తెఱగులుగ విభజించెను. అద్దములోని బింబమువంటిది మొదటిది. చిత్తరువు వంటిది రెండవది. ఇరువురు మనుష్యుల దేహములవలె పోలిక గలిగియు వేర్వేరు ప్రాణములు గలది మూడవది. మొదటి రెండును త్యాజ్యములు, మూడవది గ్రాహ్యము. రామరాజభూషణుడు వసుచరిత్ర పీఠికలో, కేవల కల్పితకథకంటెను, ఉన్నదున్నట్లు చెప్పిన పూర్వకథకంటెను, కవికల్పన చేరిన పూర్వకథయే సానపట్టిన రత్నమని అభిప్రాయపడెను. ఆయన కావ్యమునకు మూలము భారతములోని ఉపరిచర వసువు కథ. తరువాతి కవులు ఆయన శ్లేషలను, శైలిని మాత్రమే పట్టుకొని వ్రాసిన కావ్యములకు మాత్రము 'పిల్ల వసుచరిత్రలు' అను పేరు మిగిలినది. ఒకే గ్రంథము చుట్టు రెండు ఫలితములు! పరుల కథను తీసికొనుట దోషము కాలేదు. ప్రాణము పోయలేకపోవుటయే దోషమైనది.

కావున నిర్ణయము సులభమే. మూలకర్త పేరు చెప్పక అమ్ముకొనుట చౌర్యము. జీవించియున్న కర్త వలదన్న చోట ఆయన మాటకు విలువనిచ్చుట మర్యాద. ఆయన మనస్సు నొచ్చునట్లు పాత్రను హీనపఱచుట అభిమానము కానేరదు. ఈ హద్దులకు లోపల పాఠకుని కల్పనకు స్వేచ్ఛ యుండవలెను. లేనిచో సాహిత్యమున ఎఱ్ఱనకు, గిరీశము లెక్చర్లకు చోటుండదు.

పరిశోధకులకు ఇచ్చట ఒక కర్తవ్యము గలదు. అచ్చయిన అభిమాన రచనలు నిలుచును. తోలుబొమ్మల తెఱ వెనుక ఆశువుగ పుట్టిన జుట్టుపోలిగాని మాటలు ఆ రాత్రితోనే పోవును. వానిని ఆడువారు తగ్గిపోవకముందే ఊరూరను సేకరించి, మూలముతో సరిపోల్చి చూచినచో, మన ప్రజలు రామకథకు ఏమి చేర్చిరో, ఎందుకు చేర్చిరో తెలియగలదు.